తలకట్టు మీట

మా బాపు, అంటే మా నాన్న, దుకాణానికి రావడం మానేసిన తర్వాత మూడో సోమవారం అది. బీడీలు చుట్టే పెద్దమ్మ మళ్లీ వచ్చి, గోడ పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు లాక్కొని కూర్చుంది. చేతిలో అదే పాలిథిన్ సంచి, అందులో అవే కాగితాలు.

“మీ బాపు ఇయ్యాల గూడ రాలేదా బిడ్డా?”

“రాలే పెద్దమ్మా. నేను కొడ్త. ఏం రాయాల్నో చెప్పు.”

“నీకు చెప్తే ఏమొస్తది? నువ్వు ఆ టీవీ దిక్కు చూస్తవు. నా దిక్కు చూడవు.”

టీవీ అంటే మానిటర్. నాకు ఒళ్లు మండింది. టైపు చేసేవాళ్లు మానిటర్ కాక ఇంకేం చూస్తారని అడగాలనిపించింది. అడగలేదు. నేను అడగాలనుకొని అడగనివన్నీ డైరీలోకి పోతాయి. ఆ రోజు పేజీలో ఆ ప్రశ్న ఉంది. దాని కింద, కాసేపయ్యాక వేరే పెన్నుతో రాసిన జవాబు కూడా ఉంది: బాపు మానిటర్ చూడడు.

కరీంనగర్‌లో కలెక్టరేటుకు పోయే దారిలో మాదొక టైపింగు దుకాణం. షట్టరు ఎత్తితే ఒక బల్ల, దాని మీద అద్దం, అద్దం కింద ఎప్పటివో పెళ్లిపత్రికల నమూనాలు. వారమంతా బాండు పేపర్లు, పత్రికలు, దరఖాస్తులు వస్తాయి. సోమవారం మాత్రం అర్జీలే. ఆ రోజు కలెక్టరేటులో జనం దగ్గర అర్జీలు తీసుకుంటారు కాబట్టి, ఊళ్ల నుంచి మొదటి బస్సు దిగినవాళ్లు మేము షట్టరు ఎత్తేసరికే మెట్ల మీద కూర్చొని ఉంటారు.

బాపు అర్జీ కొట్టే పద్ధతి ఒకటుంది. మనిషి చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఆయన చేతులు బల్ల కిందే ఉంటాయి. చెప్పింది ఒక దారికి వచ్చాక రెండు మూడు ప్రశ్నలు అడుగుతాడు. అప్పుడు చేతులు మీటల మీదికి వస్తాయి. కళ్లు మాత్రం ఎదుటి మనిషి ముఖం మీదే ఉంటాయి. ఆ మనిషి చెబుతూనే ఉంటుంది, ఈయన కొడుతూనే ఉంటాడు. ఎక్కడో ఒకచోట చెప్పేవాళ్లు కళ్లు దించుకుంటారు. అక్కడ చేతులు ఆపి, ఆ మాట మళ్లీ అడుగుతాడు. అసలు సంగతి అక్కడే ఉంటుందట. తెలుగు టైపు ఆయన ముప్పై ఏళ్ల కింద ఆదిలాబాద్‌లో నేర్చుకున్నాడు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో మీటల మీద గుడ్డ కప్పి కొట్టించేవాళ్లట. గుడ్డ తీసేశాక కూడా కిందికి చూడవలసిన పని పడలేదని చెబుతాడు.

నేను రాస్తే అర్జీ ఎట్లా ఉంటుందో ఆయన రాని మొదటి సోమవారమే తెలిసిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పొలం ఎండుతోందని ఒకాయన వచ్చాడు. నేను ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించే పద్ధతిలో గబగబా కొట్టాను. నెర్రెలిచ్చిన మడిని, తల వేలాడేసిన పైరును వర్ణించాను. నాకైతే బాగా వచ్చిందనిపించింది. చదివి వినిపిస్తే ఆయన గడ్డం గోక్కున్నాడు.

“మంచిగనే ఉంది బిడ్డా. గని గిది అర్జీ లెక్క లేదు, కథ లెక్కుంది. సారు చదివి కండ్లు తుడుసుకుంటడు, ట్రాన్స్‌ఫారం మాత్రం ఇయ్యడు.”

వెనక నిలబడ్డ నలుగురూ నవ్వారు. నాకు బల్ల కింద దూరాలనిపించింది.

ఇదంతా నా వల్లనే వచ్చింది. ఆ ముక్క ముందే చెప్పాలి.

నేను ఏడాది పాటు ఉట్నూర్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేశాను. కాంట్రాక్టు అయిపోయి ఇంటికొచ్చిన కొత్తలో ఏదో ఒక పనికొచ్చే పని చేయాలని తెగ ఆరాటపడ్డాను. బాపు కంప్యూటర్ అప్పటికే వారం కింద చచ్చిపోయి ఉంది. డిస్కు పోయింది, బోర్డూ పోయిందని రిపేరాయన తేల్చేశాడు. ఒక శనివారం బాపు కొండగట్టుకు పోయాడు. ఆయన వచ్చేలోపు దుకాణం అద్దంలా చేయాలనుకున్నాను. బూజు దులిపాను, పాత కాగితాలు కట్టగట్టాను, ఆ చచ్చిన డబ్బాను పాత సామాన్ల బండాయనకు ఇచ్చేశాను.

సాయంత్రం బాపు ప్రసాదం పట్టుకొని నేరుగా దుకాణానికే వచ్చాడు. బల్ల కింద ఖాళీ చూశాడు.

“డబ్బా ఏది?”

“బండాయనకు ఇచ్చిన బాపు.”

“ఎనుక లాక్ తీసినవా?”

“ఏం లాకు?”

ఆయన ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

ఆయన వాడే తెలుగు సాఫ్ట్‌వేర్ చాలా పాతది. డబ్బా వెనకాల బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క ఒకటి గుచ్చి ఉంటే తప్ప అది తెరుచుకోదు. దాన్నే లాక్ అంటారు. చిన్నప్పటి నుంచి ఆ ముక్కను చూస్తూనే ఉన్నాను. అది డబ్బాలో భాగమే అనుకున్నాను. పక్క జిరాక్సు దుకాణం చాచా తన స్కూటర్ మీద ఊరంతా తిరిగాడు. బండాయన దొరికాడు, డబ్బా దొరకలేదు. అప్పటికే లారీకి ఎక్కిందట. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల నంబరు ఇప్పుడు ఎవరికీ మోగదు.

బాపు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ ఒక మాట అని, ఏడ్చి, ముగించేదాన్ని. ఆయన మాత్రం “పోనీ తియ్యి బిడ్డా” అని అన్నం తిన్నాడు. ఆ “పోనీ తియ్యి”ని ఇంత లావు అక్షరాలతో డైరీలో రాసుకున్నాను. ఇప్పటికీ ఆ పేజీ తిప్పితే కోపమొస్తుంది. ఎవరి మీదో తెలియదు.

ఇక కంప్యూటర్. బెల్లంపల్లిలో ఉండే మామ, అంటే మేము అవ్వ అని పిలిచే మా అమ్మకు తమ్ముడు, రెండు పాత డబ్బాలు దుప్పట్లో చుట్టుకొని బస్సులో తెచ్చాడు. ఆ ఊళ్లో గనులు తగ్గి జనం తగ్గిపోయి, పిల్లలు చేరక ఒక కంప్యూటర్ సెంటర్ మూతపడింది. దాని సామాను మామ ఇంట్లో రెండేళ్లుగా మంచం కింద ఉంది.

“కోడలా, వీటిల ఒకటి నడుస్తది, ఒకటి నడువది,” అన్నాడు మామ దుప్పటి విప్పుతూ.

“నడిచేది ఏది మామా?”

“గదే యాదికి లేదు.”

పక్క మూత తీస్తే లోపల బొగ్గు. నిజంగానే బొగ్గు పొడి. ఆ ఊరి గాలి ఆ డబ్బాల్లోకి ఏళ్ల తరబడి వచ్చి చేరింది. బ్రష్షుతో దులిపాక రెండు రోజులు ముక్కు చీదితే నల్లగా వచ్చింది. కదిలినట్టు కనిపించిన దాన్ని ముందు పెట్టుకున్నాను, దాని కీబోర్డు పనికొచ్చింది. రెండోదాని కీబోర్డు మూలకు పెట్టాను.

అంత పాత యంత్రంలో ఇప్పటి విండోస్ పట్టదు. ఉట్నూర్ ఆఫీసులో ఒక పాత కంప్యూటర్‌లో ఎవరో లినక్స్ వేసి పోయారు. మిగతా అందరూ దాన్ని పాము పిల్లను చూసినట్టు చూసేవాళ్లు కాబట్టి అది నాకు దక్కింది. విండోస్‌కు బదులు వేసుకునే దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఎవరినీ అడగక్కరలేదు. అడగక్కరలేకపోవడం నాలాంటిదానికి ఎంత పెద్ద వరమో వేరే చెప్పాలా. మధ్యాహ్నాలు అందరూ చాయ్‌కు పోయినప్పుడు దాంతో కూర్చొని నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. ఆ నాలుగు ముక్కల ధైర్యంతోనే ఇక్కడ మొదలుపెట్టాను.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే మొదట అది పెన్‌డ్రైవ్‌ను చూడనే లేదు. ఆన్ చేసిన వెంటనే ఒక మీట నొక్కాలి. ఒక్క క్షణం ముందు నొక్కితే వినదు, తర్వాత నొక్కితే దాటిపోతుంది. పదిహేనోసారి విన్నది. తర్వాత వైఫై దొరకలేదు. వైఫై దొరకాలంటే ఒక ఫైలు దించుకోవాలి, దించుకోవాలంటే వైఫై ఉండాలి. ఫోనుకు వైరు తగిలించి ఆ ముడి విప్పాను. ప్రింటర్ మొదటి పేజీలో సగం మాత్రమే అచ్చువేసి, రెండో సగాన్ని ఇంకో కాగితం మీద తలకిందులుగా వేసింది.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది తేదీ. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయింది కాబట్టి, రోజూ పొద్దున ఆన్ చేయగానే అది జనవరి ఒకటో తారీఖు అనేది, అదీ నేను మూడో తరగతి చదివిన ఏడు. తేదీ తప్పు కాబట్టి ఇంటర్నెట్‌లో ఏ పేజీ తెరవడానికీ ఒప్పుకునేది కాదు. ఇన్నేళ్లుగా ప్రతి రోజూ తేదీ వేసి, దాని కింద గీత గీసి డైరీ రాసుకునే మనిషికి ఇట్లాంటి యంత్రమే దొరకాలా? గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర గుండీలాంటి బ్యాటరీ దొరికేదాకా రోజూ దానికి ఈ రోజేంటో నేనే నేర్పాను.

ఇంటర్నెట్‌లో సాయం అడిగాను. ముఖం చూపించనక్కరలేదు కదా అని అరగంట తంటాలు పడి మర్యాదగా రాశాను. “ఈ ప్రశ్న ఇదివరకే అడిగారు” అని ఒకరు జవాబిచ్చారు. వెతికితే నిజంగానే ఇదివరకు ఎవరో అడిగారు. వాళ్లకూ ఎవరూ జవాబు చెప్పలేదు. ఇంకొకరు ఆ యంత్రాన్ని పారేయమన్నారు. పారేసే పని ఒకసారి చేసి చూశానని రాయబోయి ఊరుకున్నాను.

లినక్స్ ఉచితమని చాచాకు ముందే చెప్పి ఉన్నాను. ఆయన గడపలో నిలబడి చూసేవాడు.

“ముఫత్ అంటివి గద బేటీ?”

“ముఫతే చాచా.”

“మరి పొద్దటి సంది నీ నెత్తి తింటుంది గద. గదేం ముఫత్?”

మొత్తానికి నడిచింది. తెలుగు కనిపించింది, అచ్చు కూడా నిలువుగా వచ్చింది. ఆ రోజు నేను ఎంత గర్వపడ్డానంటే, బాపు కుర్చీ తుడిచి, మెత్త కూడా దులిపి పెట్టాను. ఆయన వచ్చి కూర్చున్నాడు. చేతులు మీటల మీద పెట్టి, నా ముఖం చూస్తూ ఒక వరుస కొట్టాడు. తర్వాత తల తిప్పి మానిటర్ చూశాడు. అక్కడ ఉన్నది తెలుగు అక్షరాలే కానీ మాటలు కావు.

అందులో తెలుగు కొట్టే పద్ధతులు నాలుగున్నాయి. ఆదిలాబాద్ టైపుమిషన్ పద్ధతి వాటిలో లేదు. నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి మార్చి పెట్టాను. పావుగంట ఓపిగ్గా కొట్టాడు. అంతసేపూ కిందికి చూస్తూ ఒక్కో మీటనూ వెతికాడు. ఆయన మీటల వైపు చూడటం నేను చూసింది అదే మొదటిసారి.

“నా చేతులకు గిది రాదు బిడ్డా. నీకస్తది గద, నువ్వు చూసుకో,” అని లేచాడు.

మర్నాటి నుంచి రాలేదు. దుకాణం నాకు ఇచ్చేసినట్టే మాట్లాడాడు. ఇంట్లో కూర్చొని పేపరు చదివేవాడు. టెండరు ప్రకటనలు కూడా వదలకుండా. మా అవ్వకు పిచ్చెక్కింది.

“గడియకోపాలి చాయ్ అంటుండు. కూరల ఉప్పెక్కువైంది అంటుండు. ఇన్నేండ్లల ఎన్నడన్న అన్నడా? ఏం జేస్తవో నాకెర్క లేదు, నీ బాపును దుకాణంల పడెయ్యి.”

అందరూ అదేదో నా చేతిలో పని అన్నట్టు మాట్లాడేవాళ్లు. తప్పు చేసింది నేనే, సరే. కానీ ఆయన ఒక్క వారం కష్టపడితే కొత్త పద్ధతి రాదా? నేను నేర్చుకోలేదా? ఉట్నూర్‌లో అరవై ఏళ్ల అటెండరు ఫోనులో అన్నీ కొట్టేవాడు. ఇట్లా డైరీలో రోజూ ఒక పేజీ బాపుతో పోట్లాడేదాన్ని. ఎదురుపడితే చాయ్ ఇచ్చి పోయేదాన్ని.

అట్లా మూడు సోమవారాలు గడిచాయి. ఆ మూడో సోమవారమే బీడీల పెద్దమ్మ ఆ మాట అన్నది, నువ్వు నా దిక్కు చూడవు అని. పోతూ పోతూ గడపలో ఆగి ఇంకో మాట కూడా అన్నది.

“సోమారం సోమారం నా బీడీల కూలి పోతున్నది బిడ్డా. వచ్చే సోమారం ఒక్కటి చూస్త. ఆయన రాకుంటే నేనూ ఇగ రాను. నాకు రాసిపెట్టి లేదనుకుంట.”

“పెద్దమ్మా, ఇంకెవలతోనన్న కొట్టించుకోరాదు? ఈ లైన్ల ఇంకో మూడు దుకాణాలున్నయి.”

“ఇంతకుముందు కొట్టిచ్చిన. రెండు మాటలు చెప్పంగనే కాయితం చేతిల పెట్టిండ్రు. నా సంగతి అండ్ల లేదు.”

ఆ మధ్యాహ్నమే ఇంటికి పోయి బాపు ముందు నిలబడ్డాను. లినక్స్‌లో కావలసిన పద్ధతి లేకపోతే మనమే రాసుకోవచ్చు. ఒక మామూలు ఫైలులో, ఏ మీటకు ఏ అక్షరమో వరుసగా రాస్తే చాలు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. రాయడానికి ఆ పాత టైపుమిషన్ మీటల పటం నా దగ్గర లేదు, అంతే. పటం బాపు దగ్గర ఉంటుంది కదా అనుకున్నాను.

“బాపు, చ ఎక్కడుంటది?”

ఆయన పేపరు దించాడు. పైకప్పు వైపు చూశాడు.

“చ... అక్కడనే ఉంటది.”

“అక్కడ అంటే?”

“కొడ్తే వస్తది.”

“ఏ ఏలుతోని కొడ్తవు?”

“గదంత ఎవలకు తెలుసు? కొడ్తే వస్తది అంటున్న గద.”

ముప్పై ఏళ్లు కొట్టిన మనిషికి ఒక్క అక్షరం ఎక్కడుందో తెలియదు. నాకు నిజంగా అరవాలనిపించింది. అరవకుండా తిరిగి దుకాణానికి పోయి, మూలకు పెట్టిన రెండో కీబోర్డు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను.

“కొట్టు.”

“ఏం కొట్టాలె?”

“బీడీల పెద్దమ్మ అర్జీ.”

ఆయన నా వైపు చూశాడు. “మళ్ల వచ్చిందా? ఏమన్నది?”

“మిషిన్ల ఏలు పెడితే పడ్తలేదట, పింఛను ఇస్తలేరట. మిగిలింది నీకే చెప్తదట. నాకు చెప్పదట. వచ్చే సోమారం నువ్వు రాకుంటే ఇగ రాదట.”

బాపు పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ చేతులు మీటల మీద పెట్టాడు. అక్షరాలు పైకి చెబుతూ కొట్టడం మొదలుపెట్టాడు: గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారి దివ్యసముఖమునకు. నేను పక్కన కింద కూర్చొని ఏ అక్షరానికి ఏ వేలు ఎక్కడికి పోతోందో డైరీలో గీసుకున్నాను. వేళ్లు ఎంత జోరుగా పోయేవంటే, “ఆగు, మళ్ల కొట్టు” అంటే ఆయనకు తప్పిపోయేది. మాట మొదటి నుంచి కొడితే తప్ప మధ్యలో అక్షరం దొరకదు.

అవ్వ వంటింట్లోంచి వచ్చింది. కీబోర్డు వైరు వెంట చూసుకుంటూ వచ్చి, దాని కొస నా పక్కన చాప మీద పడి ఉండటం చూసింది.

“గిది దేనికీ తలిగియ్యలేదా?”

“లేదవ్వా.”

“వైరు పెట్టకుంటనే కొడ్తుండా? ఇగ అయింది. డాక్టర్‌కు చూపియ్యాలె.”

“నువ్వు ఊకో,” అన్నాడు బాపు గోడ మీది నుంచి కళ్లు తీయకుండా.

రాస్తూ ఒక సంగతి గమనించాను. దాదాపు ప్రతి అక్షరం తర్వాత ఆయన కుడి చిటికెన వేలు ఒకే మీట మీద టక్కున పడుతోంది. అలవాటేమో అనుకున్నాను, కొందరు కాలు ఊపినట్టు.

“ఊకె ఆ చిటికెనేలు ఎందుకు కొడ్తవు బాపు?”

“తలకట్టు.”

పాత టైపు మిషన్‌లో అక్షరం వేరు, దాని తల మీది తలకట్టు వేరు. ముందు మొండెం కొట్టాలి, తర్వాత తలకట్టు పెట్టాలి. గుడి పెట్టేచోట తలకట్టు పెట్టకూడదు. ఆయన పాత సాఫ్ట్‌వేర్ కూడా అదే పద్ధతి. ఇప్పటి కంప్యూటర్లలో అట్లా కాదు. క అని కొడితే తలకట్టుతోనే వస్తుంది, గుడి పెడితే తలకట్టు దానంతటదే పోతుంది. నాకు సంతోషమైంది. ఒక మీట తగ్గింది.

ఫైలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. కష్టమంతా ఒత్తుల దగ్గర వచ్చింది. బాపు చేతి లెక్కలో పైనున్నది ముందు, కిందున్నది తర్వాత. అంటే క్రి రాయాలంటే కి కొట్టి, తర్వాత కింద ఒత్తు పెడతాడు. కంప్యూటర్‌కు ఒత్తు ముందు కావాలి, గుడి తర్వాత. వరుస తప్పితే అక్షరానికి బదులు చుక్కలతో చేసిన చిన్న వలయం ఒకటి చూపిస్తుంది. ఆ నాలుగు రోజులూ ఆ వలయాలే చూశాను. అన్నంలో కూడా కనిపించాయి. ఒక్కో ఒత్తుకు, ఒక్కో గుణింతానికి వరుస మార్చే సూత్రం విడివిడిగా రాయాల్సి వచ్చింది. ఎక్కడో ఒక కామా మరిచిపోతే ఫైలు మొత్తం పనిచేయదు. ఎక్కడ మరిచిపోయానో అది చెప్పదు.

శనివారం బాపు వచ్చాడు. నేను మురిసిపోతూ చెప్పాను.

“అన్నీ నీ లెక్కనే పెట్టిన బాపు. తలకట్టు ఒక్కటి నువ్వు కొట్టకు. మిషినే పెడ్తది.”

“సరే.”

ఆయన నా ముఖం చూస్తూ మనవి అని కొట్టాడు. మానిటర్ మీద మ;న;వి అని పడింది.

“గీ మీసాలేంది?”

“నువ్వు తలకట్టు కొట్టినవు బాపు. గందుకే పడ్డయి.”

“నేను కొట్టలే.”

మళ్లీ కొట్టాడు. మళ్లీ పడ్డాయి.

“కొట్టినవు.”

“కొడ్తలేను అంటున్న!” అంటూనే కొట్టాడు. చిటికెన వేలును మడిచి పట్టుకొని కొట్టబోతే మిగతా వేళ్లు దారి తప్పాయి. చాచా గడపలోంచి తొంగి చూసి, ఏమీ అనకుండా తన దుకాణంలోకి పోయాడు. ఆ మనిషి ఏమీ అనకుండా పోవడం నేనెప్పుడూ చూడలేదు. బాపు చెవులు ఎర్రబడ్డాయి.

“ముప్పై ఏండ్ల సంది పెడ్తున్న తలకట్టు. ఇప్పుడు పెట్టకు అంటే ఏలు ఇంటదా?”

టిఫిన్ డబ్బా విప్పకుండానే పట్టుకొని ఇంటికి పోయాడు.

ఆ సాయంత్రం డైరీలో రెండు పేజీలు తిట్టాను. యంత్రాన్ని, దాన్ని మంచం కింద దాచిన మామను, తలకట్టు కనిపెట్టినవాళ్లను, మొండి వేలును. రాసి పైకి చూస్తే తేదీ కింద గీత ఉంది. ఆ గీత నేనెప్పుడు గీశానో నాకు గుర్తులేదు. రోజూ గీస్తాను. దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. రేపటి నుంచి ఆ గీత అవసరం లేదు, గీయకుండా రాయి అని ఎవరైనా అంటే, మొదటి వాక్యం కూడా రాయలేను.

ఆదివారం సగం షట్టరు ఎత్తి కూర్చున్నాను. ఆ మీటను ఖాళీగా వదిలేస్తే పాత మీసాలే వచ్చేవి. ఖాళీ ఉంచమని చెప్పినా కంప్యూటర్ ఒప్పుకోలేదు, ఏదో ఒకటి ఇవ్వాల్సిందే అన్నది. ఏదైనా చేసే మీటకు ఒక్క వరుస రాస్తే చాలు. ఏమీ చేయని మీట తయారుచేయడానికి నాకు మధ్యాహ్నం మొత్తం పట్టింది. ఆఖరికి నొక్కితే ఏమీ కాలేదు. ఎంత నొక్కినా ఏమీ కాలేదు. ఏమీ కాకపోతే నవ్వొచ్చిన రోజు అదొక్కటే.

తర్వాత నా గీతల పేజీ ముందు పెట్టుకొని, ఆయన పద్ధతిలోనే, మధ్య మధ్య చిటికెన వేలు టక్కుమనిపిస్తూ ఒక్క వరుస కొట్టాను. పావుగంట పట్టింది. అచ్చు తీసి ఇంటికి తీసుకుపోయి ఆయన పేపరు మడతలో పెట్టాను. ఎదుట నిలబడి చెప్పడం నావల్ల కాదు. కాగితం మీద ఇంతే ఉంది: తలకట్టు పెట్టిన, బాపు. రేపు సోమవారం.

పొద్దున అవ్వ రెండు టిఫిన్ డబ్బాలు కట్టింది. ఆయనకు వినపడేలా దేవుడికి దండం పెట్టింది.

మేము పోయేసరికి మెట్ల మీద ఎనిమిది మంది ఉన్నారు. పెద్దమ్మ మూడో మెట్టు మీద. బాపును చూడగానే సంచి సర్దుకొని లేచి, ముందున్న ఇద్దరినీ దాటుకొని లోపలికి వచ్చింది. వాళ్లు అరిచారు.

“నెల దినాల సంది నేనే ముందున్న,” అన్నది ఆమె వెనక్కి తిరగకుండా.

“అరె, ఈద్ కా చాంద్ అయినవ్ గదన్నా! కనపడుడే లేదు!” అన్నాడు చాచా పక్క నుంచి.

బాపు కుర్చీలో కూర్చున్నాడు. చేతులు బల్ల కింద పెట్టుకున్నాడు. “చెప్పు చెల్లె.”

“ఏం చెప్పాలె సారూ. పదిమందిల ఏలు పెట్టుమంటరు. పెడ్తే ఆ మిషిని టుయ్‌టుయ్ అని మొత్తుకుంటది. ఇంకో ఏలు పెట్టు అంటరు. పది ఏళ్లు అయినయి. కాళ్ల ఏళ్లు పెట్టాల్నా అన్న.”

“ఎన్ని నెలల సంది?”

“అయిదు.”

“బీడీలు ఎన్నేండ్ల సంది చేస్తున్నవు?”

“పెండ్లి గాకముందు సంది. చూడు, గీతలే లెవ్వు.” చేతులు చాపింది. బాపు వంగి చూసి అడిగాడు. “మీసేవల కన్ను పెట్టి చూపియ్యమన్నరా ఎవలన్న?”

ఆమె కళ్లు దించుకుంది. “చెప్పిండ్రు. పోలే.”

“ఎందుకు పోలే?”

“కంట్ల పువ్వుంది సారూ. అదీ పడకపోతే, ఇగ నువ్వు లేవు పో అంటరని బయమైంది.”

నేను మూడు సోమవారాలు అడిగినా రాని మాట అది. బాపు చేతులు అప్పుడు పైకి వచ్చాయి. ఆమె ముఖం చూస్తూ కొట్టడం మొదలుపెట్టాడు. నేను ఆయన వెనక నిలబడి, ఆయన చూడని మానిటర్‌ను చూశాను. అక్షరాలు శుభ్రంగా పడుతున్నాయి. మధ్య మధ్య చిటికెన వేలు టక్ అంటోంది. ఆ టక్కుకు తెర మీద ఏమీ కావడం లేదు. ఒక్కచోట, వృద్ధ స్త్రీ అని కొట్టినప్పుడు, చుక్కల వలయం పడింది. ఒత్తు కింద ఒత్తు వస్తుందన్న సంగతి నేను మరిచిపోయాను. ఆయన ఆమెను ఏదో అడుగుతుండగా పక్కనుంచి చేయి చాపి దిద్దాను. ఆయన తల తిప్పలేదు.

కాగితం బయటికి వచ్చాక చదివి వినిపించాడు. ఆమె తలాడిస్తూ విన్నది. కన్ను సంగతి దగ్గర ఒకసారి ముక్కు తుడుచుకుంది. తర్వాత కాగితం చేతిలోకి తీసుకొని వెలుగుకు పట్టి చూసింది.

“అచ్చు బక్కగున్నది సారూ. ఇదివరకు లావుగ వస్తుండె.”

“మిషిని కొత్తది చెల్లె,” అన్నాడు బాపు.

కొత్తది! బెల్లంపల్లి బొగ్గు ఇంకా నా గోళ్లలో ఉంది. నేను పళ్లు బిగబట్టాను.

ఆమె మెట్లు దిగిపోయాక, తర్వాతి మనిషి లోపలికి వచ్చేలోపు బాపు చిన్నగా అన్నాడు.

“ఆ తలకట్టు బటన్ ఉత్తదే గద?”

“ఎట్ల తెల్సింది?”

“శనివారం నేను చూడలేదా? నేను పెట్టకముందే అక్షరం తలతోనే వస్తుండె.”

“మరి?”

“ఉత్తదైతే ఏంది. ఏలుకు జాగ ఉండాలె.” కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “గని ఆ స్త్రీ కాడ నువ్వు చెయ్యి పెట్టినవు. గది సరిగ లేదు. మంచిగ చెయ్యి. ఇయ్యాల ఇంక ఆడోళ్లే ఎక్కువున్నరు.”

మానిటర్ చూడడట! నెల రోజులు నన్ను వేయించుకు తిన్న మనిషికి, చూడని తెర మీద నేను దిద్దిన ఒక్క అక్షరం తెలిసింది. జవాబు నోటిదాకా వచ్చింది. దాన్ని డైరీ కోసం దాచుకొని, చాచా దుకాణంలో స్టూలు అడిగి తెచ్చుకొని, ఫోనులో పెట్టుకున్న ఆ ఫైలు నకలు తెరిచి ఒత్తు కింద ఒత్తు సూత్రం వెతకసాగాను.

తర్వాతి ఆమె వచ్చి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. బాపు చేతులు బల్ల కిందికి పోయాయి.